పీత దొరికేదాకా దొంగని నేనే

ఈమధ్య బిష్టుపూర్‌లో రంగుచేపల దుకాణం పెట్టిన ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. "తాతగారూ, పగడపు రాయిలో పీత దూరింది. ఎలా తియ్యాలి?" అని అడిగింది. తెలుగమ్మాయే, కానీ సగం హిందీలో అడిగింది. నేను కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి రెండుసార్లు టీ తాగి, మూడుసార్లు గడియారం చూసి, "ఇదంతా రాసి పెట్టండి తాతగారూ, తీరిగ్గా చదువుకుంటాను" అంది. మర్యాదగా తప్పించుకోవడానికి అలా అందని మా ఆవిడ అంటుంది. నేను మాత్రం ఆ మాట పట్టుకుని రాస్తున్నాను.

పీతలు పట్టడం నా వృత్తి. సముద్రం ఒడ్డున ఉన్నవాడు ఈ మాట అంటే ఎవరూ పట్టించుకోరు. జంషెడ్‌పూర్‌లో కూర్చుని అంటే పిచ్చాడనుకుంటారు. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను, ఎందుకంటే ఒక్కటే వచ్చింది. అదీ ఒక కుర్చీ ఇచ్చారు, అంతే. ఆ కుర్చీకి మూడు కాళ్లు బాగుండేవి.

చెవితో చేసే పని

నేను మొదట ఫ్యాక్టరీలో బేరింగుల షాపులో ఫిట్టర్ని. పేరు సూర్యనారాయణ. మా పనిలో ముఖ్యమైన పనిముట్టు చెవి. మోటారు తిరుగుతూ ఉండగా పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవి పక్క ఎముకకి ఆనించుకుంటే లోపల సంగతంతా వినిపిస్తుంది. మంచి బేరింగు సన్నగా ఈల వేస్తుంది. పాడైంది గరగరమంటుంది. మేము మిషను విప్పకుండా జబ్బు చెప్పేవాళ్లం. చెప్పింది తప్పయితే విప్పినవాళ్లు మమ్మల్ని తిట్టేవాళ్లు.

డెబ్భైల చివర్లో నా కుడి బొటనవేలు నలిగింది. పానా బిగించడానికి ఇక పనికిరాదన్నారు. అప్పుడు అగ్రికో పేటలో పార్కు పక్కన ఒక కమిటీ వాళ్లు చిన్న చేపల ఇల్లు నడిపేవారు. జనం దాన్ని మఛ్లీ ఘర్ అనేవారు. గాజు తొట్లు పన్నెండు, పంపులు మూడు. ఆ మూడు పంపుల్లో ఎప్పుడూ రెండు మూలుగుతూ ఉండేవి. పంపులు బాగుచేసేవాడు కావాలని నన్ను తీసుకున్నారు. చేపల గురించి నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే పులుసు గురించి చెప్పేవాణ్ణి.

కమిటీలో పెద్ద విశ్వనాథం గారు. ఎలక్ట్రికల్ ఇంజినీరు, గోదావరి వైపు మనిషి. బాగా చదువుకున్నవారు, మంచివారు, ఒక్క నిమిషం కుదురుగా ఉండనివారు. ఎండాకాలం వడగాలిలో కూడా టై కట్టుకునే వచ్చేవారు. ఒకరోజు వచ్చి, "సూర్యనారాయణా, మంచినీళ్ల చేపలు ఎవడైనా పెడతాడయ్యా. మనం ఉప్పునీళ్ల తొట్టి పెడుతున్నాం. పగడంతో సహా" అన్నారు.

"సార్, సముద్రం ఎక్కడ్నించి తెత్తాం సార్?" అన్నాను.

"అది నీ డిపార్ట్‌మెంటు" అన్నారు.

ఆయన కింద పనిచేసిన అన్నేళ్లలో కష్టమైనవన్నీ నా డిపార్ట్‌మెంటులోకే వచ్చాయి.

డబ్బాలో సముద్రం

మేముండే పేట బర్మామైన్స్‌లో తెలుగువాళ్లు సెలవు మీద ఊరెళ్లి తిరిగొచ్చేటప్పుడు రెండు వస్తువులు తప్పకుండా తెచ్చేవాళ్లు. ఒకటి ఆవకాయ, రెండు ఎండు నెత్తళ్లు. నేను వాటికి మూడోది చేర్చాను. ఎవరెళ్లినా ఒక డబ్బా సముద్రం తేవాలి. మా ఆవిడ పైడమ్మది బారువ. వాళ్ల ఇంటి నుంచి సముద్రం కేక వేస్తే వినపడే దూరం. కాబట్టి మా అత్తవారింటి వాళ్లందరూ నా డిపార్ట్‌మెంటులోకి వచ్చేశారు.

ఇందులో రెండు గొడవలు జరిగాయి. మొదటిది మా ఊరి టాటానగర్ స్టేషన్లో. మా బావమరిది రెండు డబ్బాలతో దిగితే కానిస్టేబుల్ ఆపాడు. సారా అనుకున్నాడు. మావాడు ఎంత చెప్పినా వినకుండా మూత తీసి, అరచేతిలో పోసుకుని, కళ్లు మూసుకుని ఒక గుక్క లాగాడు. తర్వాత చాలాసేపు ఉమ్ముకుంటూ, "అరే, యే తో సముందర్ హై!" అని ప్లాట్‌ఫారమంతా వినపడేలా అరిచాడు. అప్పటి నుంచి మా డబ్బాలని ఎవరూ ఆపలేదు.

రెండోది మా తోడల్లుడు చేసిన ఘనకార్యం. డబ్బా బరువుగా ఉందని ఖరగ్‌పూర్లో రైలు మారేటప్పుడు సగం పారబోసి, కుళాయి నీళ్లు నింపి, ఇంట్లోని ఉప్పు కలిపి తెచ్చాడు. నేను ప్రతి డబ్బా నాలుక మీద వేసుకుని చూసేవాణ్ణి గనక పట్టుబడ్డాడు. "ఏటన్నా, సముద్రమంటే నీళ్లూ ఉప్పే కదేటి! నేనేం పంచదార కలపలేదు కదా!" అని నన్నే దబాయించాడు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ఇప్పుడు మీ దగ్గర ఉప్పు కొలిచే సాధనాలున్నాయి. వాటిని నమ్మండి. తోడల్లుణ్ణి నమ్మకండి.

మొత్తానికి తొట్టి నిండింది. విశ్వనాథం గారు యార్డులో వాడే పెద్ద దీపం ఒకటి దాని మీద వేలాడదీశారు. రామేశ్వరం దగ్గర మండపం అనే ఊళ్లో ఉన్న స్నేహితుడి చేత పగడం తెప్పించారు. అది మూడు రోజులు రైల్లో వచ్చి కూడా బతికే ఉంది. గులాబీ రంగు కొమ్ములు, కింద చిల్లులు చిల్లులుగా పెద్ద రాయి. దానికి తోడు నారింజ రంగు మీద తెల్లచారలున్న చేపలు ఎనిమిది వచ్చాయి. ఒక్కొక్కటి నా నలిగిన బొటనవేలంత ఉండేది. ఆదివారం పూట జుగ్సలాయి నుంచి కూడా జనం కుటుంబాలతో వచ్చి చూసేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది, ఎందుకు దాచుకోవాలి?

ఎనిమిది ఏడయ్యాయి

ఒక సోమవారం ఉదయం లెక్కపెడితే చేపలు ఏడు. రాయి వెనక ఉందేమో అనుకున్నాను. గురువారానికి ఆరు. తర్వాతి వారానికి నాలుగు. చచ్చిన చేప తేలాలి కదా, తేలలేదు. తొట్టి మీద జల్లెడ మూత ఉంది. గదికి తాళం ఉంది. తాళంచెవి నా మొలతాడుకి ఉంది.

చేపల ఇంటి కాపలా చూసే పెద్దాయన తివారీ గారు. బీహారులోని ఆరా జిల్లా మనిషి, ఉల్లిపాయ తప్ప ఇంకే పాపమూ ఎరగని శాకాహారి. ఆయన మూడు రోజులు ఆలోచించి నా దగ్గరకి వచ్చి, చాలా మెత్తగా, "సూర్యనారాయణ్, తుమ్ లోగ్ మఛ్లీ ఖాతే హో న?" అని అడిగారు.

మీరు చేపలు తింటారు కదా అని అడిగితే ఏమంటాం? తింటామన్నాను. నేరం ఒప్పుకున్నట్టు తలాడించి వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం నేను టిఫిన్ క్యారియర్ తెరవగానే తివారీ గారు హాజరు. ఒక్కొక్క గిన్నె ఎత్తి వాసన చూసేవారు. "ఆలూ" అనేవారు. మర్నాడు వంకాయకి "బైంగన్". ఆయన ముక్కు అబద్ధం చెప్పదు. ఒకరోజు "దాల్ థోడా జల్ గయా" అన్నారు. ఇంటికెళ్లి అడిగితే పైడమ్మ పప్పు అడుగంటిందని ఒప్పుకుంది. ఇంత ముక్కున్న మనిషి, ఆ ముక్కుని తొట్టి వైపు తిప్పకుండా నా అన్నం వైపే ఎందుకు తిప్పాడా అని నాకు ఒళ్లు మండిపోయేది.

మాట బర్మామైన్స్ చేరడానికి రెండు రోజులు పట్టింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు పైడమ్మని, "ఏటే పైడమ్మా, చారల చేప పులుసు ఎలగుంటాది?" అని అడిగారట. అది వేళాకోళమే. కానీ ఆవిడ ఆ రోజు బిందె సగం నింపుకునే వచ్చేసింది.

"ఏటండీ, మన ఇంట్లో ఇక చేప వండను" అంది.

"మనం తినలేదు కదే!"

"తినలేదని మనకి తెలుసు. వాసన వత్తే ఈధిలో ఊరుకుంటారేటి? ఆ దొంగ దొరికీ వరకూ చేప ఒండను గాక ఒండను."

సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. రోజూ రెండు పూటలా పప్పూ బంగాళాదుంపా పెట్టుకుని తింటూ ఉంటే చూడలేకపోయాను. నేను కూడా తింటున్నాను కదా, అది ఇంకా కష్టంగా ఉండేది.

ఇంతలో కమిటీ మీటింగు వచ్చే శనివారం అన్నారు. అప్పటికి ఇంకో చేప తగ్గితే నన్ను పంపించేస్తారని విశ్వనాథం గారే చెప్పారు. చెప్పడానికి ఆయన కూడా ఇబ్బంది పడ్డారు. బేరింగుల షాపు నలిగిన వేలుని తిరిగి తీసుకోదు. నా పని పోవడం ఒకెత్తు, చేపలు తిని పోయాడన్న పేరు ఒకెత్తు.

నేను చేసిన తప్పు

ఇక్కడ జాగ్రత్తగా చదవండి, ఈ వ్యాసంలో పనికొచ్చే ముక్క ఇదే.

టార్చి వేసి పగడం కొమ్ముల మధ్య వెతికాను. వేలిగోరంత పీతలు నాలుగు కనబడ్డాయి. ఎర్రగా, నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తూ కొమ్ముల సందుల్లో కూర్చుని నా వైపే చూస్తున్నాయి. ఇంకేం కావాలి! దొరికారు దొంగలు! పగడం కింది రాయి నుంచి ఊడే రకం గనక దాన్ని ఎత్తి, బకెట్లో కుళాయి నీళ్లు పట్టి, బట్టలు జాడించినట్టు జాడించాను. పీతలు నాలుగూ రాలిపోయాయి. వాటిని ఉప్పునీళ్లున్న బిస్కెట్ల సీసాలో వేసి, ముందు తివారీ గారికి చూపించాను, తర్వాత విశ్వనాథం గారికి, ఆ తర్వాత చూపించడానికి ఇంటికి పట్టుకెళ్లాను.

పైడమ్మ సీసా వెలుతురుకి ఎత్తి చూసి, "ఇదేటి, ఇంత పీత అంత చేపని తినీసిందేటి?" అంది.

"నాలుగున్నాయి కదే. కలిసి తిని ఉంటాయి."

ఆవిడ నా వైపు ఒక చూపు చూసి, పాపం ఆకలేస్తుందని వాటికి ఒక ఎండు నెత్తిలి వేసి, సీసాని కిటికీలో పెట్టింది.

రెండు రోజులకి చేపలు మూడయ్యాయి. మీటింగుకి ఇంకా మూడు రోజులుంది. అంతేకాదు, పగడం కొమ్ముల మీద బంక పట్టి చివర్లు తెల్లబడుతున్నాయి. కుళాయి నీళ్లలో జాడించినందుకు కొంత, పీతల్ని తీసినందుకు కొంత. పగడాన్ని ఎప్పుడూ అలా జాడించకండి. ఆ ఒక్క పనితో నేను దానికి చేసిన హాని పీతలన్నీ కలిసి కూడా చెయ్యలేదు.

విశ్వనాథం గారు తొట్టి ముందు నిలబడి టై సర్దుకుంటూ, "ఏమయ్యా, నువ్వు పట్టినవాళ్లు జైల్లో ఉన్నారు. బయట దొంగతనం జరుగుతూనే ఉంది. దీని అర్థం ఏమిటి?" అన్నారు. నేను నేల చూశాను. తివారీ గారు నా టిఫిన్ క్యారియర్ చూశారు.

ఆ సాయంత్రం పైడమ్మ సీసా తెచ్చి నా ముందు పెట్టింది. నెత్తిలి అలాగే ఉంది. ఒక్క కొరుకు లేదు.

"సూడండి. ఏసింది ఏసినట్టే ఉన్నాది. ఆకలితో మాడుతున్నాయి గానీ దీన్ని ముట్టలేదు. మా ఊర్లో ఏ పీత ముందరైనా నెత్తిలి పడీసి చూడండి, ఊపిరి తీసుకునీలోపు లాగీసుకుంటాది. దీని గోళ్లు సూడండి, చేపని చీల్చీ గోళ్లేనా ఇవి? ఇవి దొంగలు కావండీ. బేగి తీసికెళ్లి ఆటి ఇంట్లో ఆటిని ఒగ్గీయండి."

మర్నాడు పొద్దున్నే వాటిని తొట్టిలో వదిలాను. నాలుగూ నేరుగా తమ కొమ్ముల్లోకే వెళ్లాయి. కాసేపటికి చూస్తే కొమ్ముల మీది బంకని గోళ్లతో తీసి నోట్లో పెట్టుకుంటున్నాయి. వాటి తిండి అదే. ఒక పుల్ల దగ్గరకి పెడితే పారిపోలేదు. ఎదురొచ్చి, రెండు చేతులతో పుల్లని బయటకి నెట్టాయి. అవి పగడానికి కాపలాదార్లు. నేను చేసింది ఏమిటంటే కాపలావాళ్లని జైల్లో పెట్టి దొంగకి తాళంచెవి ఇచ్చాను.

నాకు చాలా సిగ్గేసింది. వాటిని ఎందుకు పట్టుకున్నాను? కళ్ల ముందు ఉన్నాయి గనక. పీతలు గనక. తివారీ గారు నన్నెందుకు పట్టుకున్నారు? నేను కళ్ల ముందు ఉన్నాను గనక, చేపలు తింటాను గనక. ఇన్నాళ్లుగా ఆయన మీద పళ్లు నూరుతున్న నేను, ఆ నాలుగు ప్రాణాల విషయంలో ఆయన కంటే ఒక మెట్టు కిందే ఉన్నాను. ఆయన వాసన మాత్రమే చూశారు. నేను జాడించాను.

సోడా

అసలు దొంగ కనపడే రకం కాదని అప్పుడు అర్థమైంది. కనపడకపోతే వినపడాలి. అంత పెద్ద చెవి పెట్టుకుని ఇన్నాళ్లు కళ్లతో వెతికినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం తొట్టి మొత్తం మీద నల్ల తార్పాలిన్ కప్పాం. విశ్వనాథం గారికి ఫొటోల సరదా ఉండేది. ఫొటోలు కడిగే గదిలోంచి ఎర్ర బల్బు తెచ్చారు. ఎర్ర వెలుతురు పీతలకి అంతగా తెలియదని ఆయన అన్నారు, అది నిజమే. తార్పాలిన్ లోపల ముగ్గురం దూరాం. నేను, ఆయన, సాక్షిగా తివారీ గారు. జంషెడ్‌పూర్ మే నెల. లోపల మేం ఉడికిపోతున్నాం.

పంపు ఆపేశాను. ఇనుము ఉప్పునీళ్లలో పెట్టకూడదు గనక సన్నటి వెదురు బద్ద ఒకటి రాయికి ఆనించి, ఇంకో చివర చెవికి ఆనించుకున్నాను. పగడం దగ్గర నిశ్శబ్దం. ఎడమవైపు నిశ్శబ్దం. కింది రాయి వెనక మూడో చిల్లు దగ్గర పెట్టగానే గరగర మంది. ఆగింది. మళ్లీ గరగర. పాడైన బేరింగు ఎలా అంటుందో అచ్చంగా అలాగే. ఆ శబ్దం విని నేను జీవితంలో అంత సంతోషపడింది లేదు.

బద్ద తివారీ గారికి ఇచ్చాను. ఆయన చెవికి ఆనించుకుని, కళ్లు పెద్దవి చేసి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"అరే బాప్ రే! అందర్ కోయీ హై!"

"హై, తివారీ జీ, లోపల ఉన్నాడు" అన్నాను. "మూడు వారాల్నించీ హై."

ఇక బయటకి రప్పించాలి. పుల్లతో పొడిస్తే ఇంకా లోపలికి పోతుంది. రాయి పగలగొడితే తొట్టి పోతుంది. విశ్వనాథం గారు ఉక్కపోతకి తట్టుకోలేక గోలీ సోడా తెప్పించుకుని తాగుతున్నారు. తాగి, పెద్దగా త్రేన్చి, "సూర్యనారాయణా! సోడాలో ఉన్న గాలికి మనకే ఇలా ఉంటే, ఆ చిల్లులో ఉన్నవాడికి ఎలా ఉంటుందయ్యా?" అన్నారు. ఇంజినీర్లకి ఆలోచనలు ఎక్కడినుంచి వస్తాయో నేను అప్పుడు చూశాను.

కాంపౌండర్ దగ్గర సిరంజి అడిగి తెచ్చాం. సూది తీసేసి సన్న రబ్బరు గొట్టం తొడిగాం. రెండో సోడా గోలీ నొక్కే గౌరవం తివారీ గారు తీసుకున్నారు, సగం ఆయన మీసాల మీదే పోయింది. మిగిలింది సిరంజిలోకి లాగి, గొట్టం చిల్లులో పెట్టి మెల్లిగా వదిలాను. రెండు చెంచాల కంటే ఎక్కువ పొయ్యకండి, చేపలకి ఊపిరాడదు. బుడగలు వచ్చాయి. ఒక నిమిషం ఏమీ లేదు.

తర్వాత ఒక కాలు వచ్చింది. బొచ్చు కాలు.

దాని వెనక మిగిలింది వచ్చింది. నిమ్మకాయంత ఒళ్లు, ఒంటినిండా బొచ్చు, రాయి రంగు. రెండు గోళ్ల చివర్లు బొగ్గులో ముంచినట్టు నలుపు. ఇవే గుర్తులు, రాసిపెట్టుకోండి. నున్నగా మెరుస్తూ కొమ్ముల్లో కూర్చునేదాన్ని వదిలెయ్యండి. బొచ్చు కాళ్లు, నల్ల గోళ్లు, రాతి చిల్లులో కాపురం, వెలుతురు చూస్తే దాక్కోవడం, ఇలాంటిది కనిపిస్తే తీసెయ్యండి. మా దొంగ విషయంలో అనుమానమే లేదు. దాని కింది కాలికి నారింజ రంగు రెక్క ముక్క ఇంకా అంటుకునే ఉంది.

నేను గాజు గ్లాసు పట్టుకుని పైనుంచి మూసేద్దామని చూస్తున్నాను. విశ్వనాథం గారు ఇంకా దగ్గరగా చూద్దామని వంగారు. టై నీళ్లలోకి జారింది. నేను నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, ఆ పీతని పట్టింది నేను కాదు, విశ్వనాథం గారి టై. అది రెండు గోళ్లతో టై పట్టుకుంది, ఆయన నిటారుగా లేచారు, పీత కూడా లేచింది.

తార్పాలిన్ చించుకుని ఆయన బయటకి పరిగెత్తారు. గుండెల మీద పీత ఊగుతోంది.

"తియ్యవయ్యా! తియ్యి!"

"ఊపకండి సార్! కాళ్లు ఇరిగిపోతాయి సార్!"

"నా కాళ్లా?"

"పీతవి సార్!"

"కత్తెరతో టై కత్తిరించనా?" అని తివారీ గారు హిందీలో అడిగారు. అది పెళ్లినాటి టై అని విశ్వనాథం గారు ఒప్పుకోలేదు. చివరికి ఆయన టై విప్పి, పీతతో సహా బకెట్లో వేశారు. ఆ టై లేకుండా ఆయన్ని చూడటం నాకు అదే మొదటిసారి. మెడ చాలా పొడుగ్గా ఉంది.

శనివారం మీటింగులో బకెట్ బల్ల మీద పెట్టాం. పీత ఇంకా టై వదల్లేదు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

టిఫిన్ క్యారియర్

ఆ పీతని చంపలేదు. చంపాలని నాకూ అనిపించలేదు. దాని తప్పేముంది, ఆకలేసింది. విడిగా ఒక చిన్న తొట్టిలో పెట్టి, మీద హిందీలో 'చోర్' అని రాసిన చీటీ అంటించాం. మిగిలిన తొట్లన్నిటి కంటే దాని ముందే జనం ఎక్కువ ఆగేవాళ్లు. మధ్యాహ్నం దానికి తిండి వేసే పని, ఎవరూ అడక్కుండానే, తివారీ గారు తీసుకున్నారు. ఎండు నెత్తిలిని పట్టకారుతో, చెయ్యి వీలైనంత దూరంగా చాపి, ముఖం పక్కకి తిప్పుకుని వేసేవారు. పగడం మెల్లగా కోలుకుంది. ఆ నాలుగు చిన్న పీతలు చాలాకాలం దాన్ని కాశాయి. నేను వేలు పెడితే ఎప్పుడూ నెట్టేవి. ఆ నాలుగూ నన్ను క్షమించలేదనే అనుకుంటున్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. తొట్టిలో ఏదైనా తగ్గితే ముందు చెయ్యి పెట్టకండి. ఒక రోజు చూడండి, ఒక రోజు వినండి, మూడో రోజు నెత్తిలి వేసి ఎవరు తింటారో చూడండి. ఆ తర్వాతే సోడా తెప్పించుకోండి.

మీటింగు అయిన మర్నాడు ఆదివారం. పైడమ్మ మొదటిసారి మా మఛ్లీ ఘర్‌కి వచ్చింది. కొత్త చీర కట్టుకుని, చేతిలో టిఫిన్ క్యారియర్ పట్టుకుని, జనం మధ్య నుంచి నేరుగా నా మూడు కాళ్ల కుర్చీ దగ్గరకి వచ్చింది. ఆవిడ వెనక కుళాయి దగ్గరి ఆడవాళ్లు ముగ్గురు కూడా వచ్చారు. ఎందుకు వచ్చారో నాకు అప్పుడు అర్థం కాలేదు.

తివారీ గారు లేచి నిలబడి, రెండు చేతులు జోడించి, "భాభీ జీ, మాఫ్ కర్నా" అన్నారు. నిజంగా బాధపడుతూనే అన్నారు.

"మాఫీ సరే బాబూ" అంది పైడమ్మ. క్యారియర్ ఆయన ముందు బల్ల మీద పెట్టి గొళ్లెం తీసింది. "రోజూ సూసీవారంట కదా. ఈయాల మాత్రం ఎందుకు మానేయాల? సూడండి."

ఆయన నా వైపు చూశారు. నేను పగడం వైపు చూశాను. తప్పదని తెలిసి ఆయన మొదటి గిన్నె ఎత్తారు. అన్నం. రెండోది పప్పు, ఈసారి అడుగంటలేదు. మూడోది బంగాళాదుంప. నాలుగో గిన్నె మూత తియ్యగానే గదంతా చింతపండూ మెంతులూ కలిసిన వాసన కమ్ముకుంది. ఎర్రటి పులుసులో అరచెయ్యంత ముక్కలు. ఇన్నాళ్ల తర్వాత మా ఇంట్లో వండిన చేప. సాక్చీ బజారులో పొద్దున్నే ఆ ముగ్గురు ఆడవాళ్ల ముందే కొన్నదట.

తివారీ గారు పుట్టాక అంత దగ్గరగా చేప ముఖం చూసి ఉండరు. కానీ మగాడు, వెనక్కి తగ్గలేదు. ముక్కు గిన్నెలోకి పూర్తిగా వంచి, గట్టిగా ఊపిరి లాగారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక చెయ్యి బల్ల పట్టుకుంది. తర్వాత నిటారుగా నిలబడి, పైడమ్మకీ, ఆ ముగ్గురికీ, ఆదివారం జనానికీ అందరికీ వినపడేలా తీర్పు చెప్పారు.

"యే హమారీ మఛ్లీ నహీఁ హై."

తొట్టిలో చేప కాదంట, ఇన్నారా అన్నట్టు పైడమ్మ కుళాయి దగ్గరి వాళ్ల వైపు తిరిగి చూసింది. తర్వాత కింద కూర్చుని, ఆకు పరిచి, నాకూ తనకూ వడ్డించింది.